ధన్యురాలని పిలువని తరము

లూకా సువార్త మొదటి అధ్యాయము 48వ వచనము మూలవాక్యముగా చేసిన ప్రసంగమును మీ సంఘములో మీరెప్పుడైన వింటిరా? ప్రియ చదువరులారా, కొంచెము నిదానించి జ్ఞాపకము తెచ్చుకొనుడి. దేవుడు తన దీనస్థితిని లక్ష్యపెట్టినందున రాబోవు తరములన్నియు తన్ను ధన్యురాలిగా ఎంచునని నజరేతు కన్య పలికిన చోటు అది. ఈ మాట రోమునుండి వచ్చినది కాదు. ఏ సభయు ఓట్లు వేసి తీర్మానించినది కాదు. మనము ప్రతి ఆదివారము చంకను పెట్టుకొని గుడికి పోవు గ్రంథములో ఉన్నది. బాప్తిస్మపు నీళ్ల లోతును గూర్చి, స్త్రీల తలమీద ముసుగును గూర్చి, దశమభాగమును గూర్చి ఒక్కొక్క వచనము పట్టుకొని మన సంఘములు రెండుగాను నాలుగుగాను చీలినవి. ఈ వచనము కొరకు మాత్రము ఎవరును పోట్లాడలేదు, ఎవరును లోబడలేదు. అన్ని తరములు అని వ్రాయబడియుండగా మన తరము ఆ లెక్కలోనుండి తప్పుకొన్నది. అక్షరాక్షరమును నమ్ముదుమని చెప్పుకొను మనము ఈ ఒక్క అక్షరమును ఎందుకు విడిచితిమి? ఈ నెల దీనిని గూర్చియే వ్రాయదలచితిని. కొందరికి కోపము వచ్చునని ఎరుగుదును.

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడలోని గుణదల కొండకు జనము లక్షలుగా పోవుదురు. అక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమమునకు పెద్దగా ఉండిన ఆర్లాటి అను ఇటలీ దేశపు గురువు 1924లో ఆ కొండ గుహలో మరియమ్మ స్వరూపమును నిలిపెను. ఫ్రాన్సు దేశమందలి లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అను పేద బాలికకు ఆమె కనబడెనని ఆర్.సి.ఎం. వారు నమ్ముదురు గనుక ఆ తేదీలు ఏర్పడినవి. కతోలికులే గాక హిందువులును వచ్చి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయలు కొట్టి, కొవ్వొత్తులు వెలిగించి పోవుదురు. తమిళదేశమందలి వేళాంగణికి ఆగస్టు 29 మొదలు సెప్టెంబరు 8 వరకు ఇట్లే జనము సాగిపోవును. అంత దూరము పోలేని హైదరాబాదు వారు ఖైరతాబాదు ఆరోగ్యమాత గుడికి పోవుదురు.

ఇవి అందరికి తెలిసినవే. పెద్దలమైన మనము పైకి చెప్పుకొననిది ఒకటి కలదు. ఆ రైళ్లలోను ఆ బస్సులలోను మనవారును ఉన్నారు. సి.ఎస్.ఐ. వారున్నారు, బాప్టిస్టులున్నారు, లూథరన్లున్నారు. చాల మట్టుకు స్త్రీలు. ఊరిలో బంధువుల పెండ్లికని చెప్పి బయలుదేరుదురు. తిరిగి వచ్చి మూడు ఆదివారములు తలమీద కొంగు జార్చక కూర్చుండునామెను చూచినయెడల ఆమె ఎక్కడికి పోయి వచ్చెనో పాస్టరుకు తెలియును. కొందరు తెలియనట్లు ఊరకుందురు. కొందరు ప్రసంగపు బల్లనుండి ఉరుముదురు.

ఉరిమిన చోట ఏమి జరిగినదో ఒకటి చెప్పెదను. అంబర్‌పేటలో కూలిపని చేసికొని బ్రతుకు ఒక విశ్వాసురాలున్నది. మెదకు ప్రాంతపు పల్లెనుండి భర్తతో వలస వచ్చినది. ఇద్దరు బిడ్డలు పురిటిలోనే పోయిరి. మూడవ కానుపుకు ముందు గుణదలకు మ్రొక్కుకొన్నది, బిడ్డ దక్కినది, పోయి తల గొరిగించుకొని వచ్చినది. క్రిస్మసుకు స్వగ్రామము పోయినపుడు అక్కడి సంఘపు పెద్దలు కమిటీ కూర్చుండి ఆమెను మూడు నెలలు ప్రభువు బల్లకు రాకూడదనిరి. ఆ సంఘము పేరు ఇక్కడ వ్రాయను. కుమారుని పెండ్లికి కట్నము రొక్కముగా లెక్కపెట్టించుకొన్న పెద్ద ఒకడు ఆ కమిటీలో ఉండెననియు, ఆయన ఆ ఆదివారమే ముందు వరుసలో మోకరించి రొట్టెయు రసమును పుచ్చుకొనెననియు మాత్రము వ్రాయుదును.

ఎందుకు పోతివమ్మా అని నేనామెను అడిగితిని. ఆమె చెప్పినది ఆమె మాటలలోనే పెట్టుచున్నాను. “అయ్యగారూ, కొడుకును పోగొట్టుకున్నోళ్ల బాధ ఆమెకు ఎరుకుంటది గద. మన గుళ్ల ఎవ్వరికి చెప్పుకోవాలె? అందరు మగోళ్లే ఉన్నరు.”

ఈ మాటకు వేదాంత కళాశాలలో నేర్చిన ప్రత్యుత్తరము నాయొద్ద ఉన్నది. దేవునికిని నరులకును మధ్య నిలుచువాడు క్రీస్తుయేసను నరుడొక్కడే అని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 2:5). అది నిశ్చయమైన సత్యము. దానినుండి వెంట్రుకవాసి జరుగను. అయితే ఆ తల్లి మధ్యవర్తిత్వ సిద్ధాంతమును గూర్చి అడుగలేదు సుమా! తన దుఃఖము మన గుడిలో ఎక్కడ పెట్టవలెనని అడిగినది. బిడ్డను మంటికిచ్చిన తల్లికి బైబిలులో చోటున్నది. అది యోహాను 19వ అధ్యాయములో, సిలువ ప్రక్కనే ఉన్నది. ఇరువదేండ్లు మన గుడిలో కూర్చున్నను ఆ చోటును మనము ఆమెకు చూపలేదు. చూపినవారి యొద్దకు ఆమె పోయినది. ఇందులో ఎవరిని మూడు నెలలు బల్లకు దూరము చేయవలెనో కమిటీవారే చెప్పవలెను.

మన పితరులు మరియమ్మను గూర్చి మాటలాడుటకు జంకిరి. వారి జంకును నేను వెక్కిరింపను. ఆషాఢమాసములో ఒక ఆదివారము మా అంబర్‌పేట వీధులకు వచ్చి చూడుడి. బోనములెత్తిన స్త్రీలు, వేపమండలు, డప్పులు, కొరడా త్రిప్పుచు పోతరాజులు. ఇంటింటి నోట అమ్మ, అమ్మ అను మాటయే. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, మారెమ్మ అను పేర్లకు భయపడి బ్రతికిన ఇండ్లలోనుండియే మన తాతలు సువార్తకు వచ్చిరి. మసూచి వచ్చినను అమ్మయే, కలరా వచ్చినను అమ్మయే. ఆ భయమునుండి విడుదల పొందినవారు మరియొక అమ్మను గుమ్మములోనికి రానిత్తురా? మారెమ్మకును మరియమ్మకును నోటిలో ఎంత భేదమున్నది? పాత మ్రొక్కుబడికి క్రొత్త పేరు తగిలించుట తెలుగువారికి అరనిమిషపు పని అని మిషనెరీలును ఎరుగుదురు, మన తాతలును ఎరుగుదురు. గుణదలలో కొబ్బరికాయ పగులు చప్పుడు విన్నవాడు వారు భయపడినది ఊరకయే అని చెప్పలేడు.

అయినను ఆ తాతలే తమ కుమార్తెలకు మరియమ్మ అని పేరు పెట్టిరి. ఏ పల్లె సంఘపు బాప్తిస్మ రిజిస్టరు తెరచినను పుటకొక మరియమ్మ యుండును. భయము వారి నోరు కట్టినను ప్రేమ బిడ్డ పేరులో బయటపడినది. మనము ఆ ప్రేమను విడిచి భయమును మాత్రము వారసత్వముగా పుచ్చుకొంటిమి. ఇప్పుడు మసూచి లేదు. అమ్మోరికి భయపడు క్రైస్తవ గృహములును కొద్దియే. భయపడుటకు కారణము పోయినను మౌనము మిగిలినది.

అదే 1924వ సంవత్సరము డిసెంబరు 25న మెదకులో మన మహా దేవాలయము ప్రతిష్ఠింపబడినది. గుణదల గుహలో స్వరూపము నిలిచిన ఏడే. పోస్నెట్ దొరగారు కరువు దినములలో కూలివారికి పనియు కూడును పెట్టి కట్టించిన గుడి అది. దాని రంగుటద్దముల కిటికీలలో ఒకటి ప్రభువు పుట్టుక. చూడవచ్చినవారికి కాపలావాడు దానిని చూపును, జనులు తలలెత్తి ఆశ్చర్యపడుదురు. ఆ అద్దములో బాలుని తల్లి మీద వెలుగు పడుచుండగా, క్రిందనున్న ప్రసంగపు బల్లమీద ఆమె పేరు డిసెంబరు తప్ప తక్కిన పదకొండు నెలలు వినబడదు. డిసెంబరులోనైనను ఏమి చేయుచున్నాము? క్రిస్మసు నాటకములో గొల్లవారికి మాటలున్నవి, జ్ఞానులకు మాటలున్నవి, హేరోదుకు మీసములు మెలివేసికొనుటకు అరగంట యున్నది. సత్రపువానికి కూడ రెండు మాటలున్నవి. మరియమ్మ వేషము వేసిన పిల్ల నీలి ఓణీ కప్పుకొని బొమ్మను ఒడిలో పెట్టుకొని కూర్చుండును. అంతే. నాటకము అయిన పిమ్మట ఓణీని మడిచి పెట్టెలో పెట్టుదుము, ఆ తల్లిని కూడ దానితోనే పెట్టుదుము.

సువార్తలు ఆమెను అట్లు నోరులేనిదానిగా చూపలేదు. ప్రధానము చేయబడిన కన్య పెండ్లికి ముందు గర్భవతియని తెలిసినచో ధర్మశాస్త్రము ఏమి చెప్పుచున్నదో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చదువుడి. గాబ్రియేలునకు సరే అన్ననాడు ఆ పిల్ల రాళ్లకు సరే అన్నది, ఊరివారి నోళ్లకు సరే అన్నది. పల్లెలో ఆడపిల్లను గూర్చి మాట పుట్టినయెడల ఆ మాట ఎంత దూరము పోవునో, ఎన్నాళ్లు బ్రతుకునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇది తెలిసియే ఆమె తన్ను దేవుని దాసురాలిగా అప్పగించుకొన్నది. అబ్రాహాము తన దేశము విడిచినదానిని గూర్చి ఎన్ని ప్రసంగములు వింటిమి! ఈమె విశ్వాసమును గూర్చి ఎన్ని వింటిమి?

పిమ్మట కొండసీమకు పోయి ఎలీసబెతు ఇంట పాడిన పాట యున్నది. ఆ పాటలో సమూయేలు తల్లియైన హన్నా పాట నాదము వినబడును. ఆ కాలపు పల్లెటూరి పిల్ల గ్రంథములు చదివి నేర్చియుండుట అరుదు. విని విని గుండెలో పెట్టుకొన్నదే యెక్కువ. మన అవ్వలు అక్షరము రాకపోయినను కీర్తనలు పుస్తకము లేకుండ పాడునట్టే. ఆ పాటలో ఏమున్నది? బలవంతులు గద్దెలనుండి దిగుటయు, దీనులు పైకెత్తబడుటయు, ఆకలిగొన్నవారి కడుపు నిండుటయు, ధనవంతుడు వట్టి చేతులతో పోవుటయు. నిజాము రాజ్యములో దొరల గడీల ముందు వెట్టి చేసిన తాతలకు మనుమలమైన మనకు ఈ పాట కంఠస్థముగా ఉండవలసినది గదా? పల్లె సంఘపు మొదటి పాట ఇదే కావలసినది. ఆమెను మాటలేని బొమ్మగా కూర్చుండబెట్టుటచేత ఈ పాటను కూడ పోగొట్టుకొంటిమి. ఇది ఎవరికి లాభమైనదో ఆలోచింపుడి. పేదవారి నోట ఈ పాట లేకపోయినందుకు ఏ దొరయు ఏడ్వలేదు.

మార్టిన్ లూథరు ఈ మూర్ఖత చేయలేదు. వోర్మ్సు సభలో నిలువబడి, తరువాత వార్ట్‌బర్గు కోటలో దాగిన ఆ 1521లోనే మరియమ్మ పాటకు వ్యాఖ్యానము వ్రాసి ముగించెను. పోపుతో తెగిపోయిన సంవత్సరమున పోపును తిట్టు గ్రంథములు మాత్రమే వ్రాయక ఈ పేద కన్య పాటను గూర్చి కూర్చుండి వ్రాసెను. మెదకు సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1749లో ఒక రోమను కతోలికునికి లేఖ వ్రాయుచు, ప్రభువు ధన్యురాలైన కన్య మరియ యందు పుట్టెననియు ఆమె ఆ తరువాతను కన్యగానే నిలిచెననియు తన నమ్మకమును తెలిపెను. వెస్లీ చెప్పినదంతయు నమ్మవలెనని నేననను. ఆమెను ధన్యురాలనుటకు వారి నోరు కాలలేదని మాత్రము అనుచున్నాను. మనకెందుకు కాలుచున్నది?

ఇక పురుషుడు పుట్టిన నలువదియవ దినమున యెరూషలేము దేవాలయములో తల్లి అర్పించిన బలిని చూడుడి. లేవీయకాండము 12వ అధ్యాయము ప్రకారము ఒక గొఱ్ఱెపిల్లను, ఒక పక్షిని తేవలెను. గొఱ్ఱెపిల్లకు గతిలేనివారు రెండు పక్షులు తెచ్చుకొనవచ్చును. లూకా 2:24 చదువుడి, ఆమె తెచ్చినది రెండు పక్షులే. గొఱ్ఱెపిల్లను కొనలేని తల్లి దేవుని గొఱ్ఱెపిల్లనే చేతులలో ఎత్తుకొని ఆ మెట్లెక్కినది. గుణదల స్వరూపముకు పట్టుచీర పెట్టువారును, మన పంటల పండుగలో ఎక్కువ కానుక తెచ్చినవాని పేరు మైకులో చదివించు మన కమిటీవారును, ఉభయులును ఈ వచనము ముందు కొంచెము సేపు నిలువవలెను.

కానా పెండ్లిని ఆర్.సి.ఎం. సహోదరులు తమ పక్షముగా చూపుదురు. ఆమె అడిగినందుననే గదా ప్రభువు చేసెను అందురు. త్రోసివేయదగిన వాదము కాదు. ద్రాక్షారసము అయిపోయిన సంగతి అందరికంటె ముందు చూచినది ఆమెయే. పెండ్లివారి పరువు పోవునేమోయని కుమారునితో చెప్పినదియు ఆమెయే. పెండ్లింట వంటశాలలో తిరుగు స్త్రీకి తెలియునది పందిటిలో కూర్చున్న మగవారికి తెలియదు. కాని కథను చివరవరకు చదువుడి. సేవకులు ఆమె యొద్దకు వచ్చి మోకరించలేదు. ఆమెయే వారిని ఆయన వైపు త్రిప్పి, ఆయన ఏది చెప్పినను అట్లు చేయుడనినది (యోహాను 2:5). ఆ తరువాత సువార్తలలో ఆమె నోటినుండి మరియొక మాట వ్రాయబడలేదు. ఆమె మనకు విడిచిన ఆఖరి మాట అదే. గుణదలకు పోవు అక్కచెల్లెండ్రతో నాకు జగడము లేదు. ఆ ఒక్క మాటను తీసికొని మెట్లెక్కుడని మాత్రము చెప్పుదును. ఆ మాట నిజముగా విన్నవారు తలనీలాలతో బేరము పెట్టుకొనరు. నీవు బిడ్డనిమ్ము, నేను జుట్టిత్తును అనుట ఆ తల్లి యెరిగిన ప్రార్థన కాదు. నీ చిత్తము నాకు జరుగునుగాక అనుటయే ఆమె యెరిగినది. బేరమాడు మ్రొక్కుబడి ఎల్లమ్మ ముందు చేసినను, మరియమ్మ ముందు చేసినను, ప్రభువైన యేసు పేరనే చేసినను అది పాత మతమే.

సువార్తలు ఆమె తొట్రుపాటును దాచలేదు. మతి చలించినదని విని ఆయనను పట్టుకొనిపోవలెనని యింటివారు వచ్చినపుడు ఆమెయు గుమ్మము బయట నిలిచినది (మార్కు 3). దేవుని చిత్తము చేయువారే నాకు తల్లియు సహోదరులును అని ఆయన చెప్పిన మాట ఆమె చెవిని పడియుండవచ్చును. అది కత్తిపోటే. సుమెయోను ముసలివాడు దేవాలయములో ముందే చెప్పినది దీనినే కాబోలు. గుంపులోనుండి ఒక స్త్రీ ఆయనను కన్న గర్భమును పొగడినపుడు, దేవుని వాక్యము విని గైకొనువారు మరి ధన్యులని ఆయన సవరించెను (లూకా 11:27–28). మనవారు ఈ వచనములను మరియమ్మను తగ్గించుటకు వాడుదురు. నాకు అట్లు తోచదు. వాక్యము విని గైకొన్నవారిలో మొదటిది ఎవరు? గర్భమువలన కలిగిన గౌరవము ఒక్కతెకే చెందును. విధేయతవలన కలుగు గౌరవములో ఆమె పెద్దది, మనము ఆమె చెల్లెండ్రము, తమ్ములము. ప్రభువు ఆమెను ఆ గద్దెనుండి దింపి మన నడుమ కూర్చుండబెట్టెను. అందుచేతనే ఆఖరుసారి ఆమె కనబడు చోట, మేడగదిలో, నూట ఇరువదిమందిలో ఒకతెయై ప్రార్థించుచున్నది (అపొ. కార్యములు 1:14). ఎవరును ఆమెకు ప్రార్థించుచుండలేదు. ఆమె వారితో ప్రార్థించుచుండెను.

రోమను సంఘముతో మనకు నిజముగా ఎక్కడ భేదమున్నదో అక్కడనే నిలువవలెను. లేని చోట కల్పింపకూడదు. 431లో ఎఫెసు సభ ఆమెను దేవుని కన్నదని పిలిచినది. ఎఫెసు అర్తెమిదేవి పట్టణము గదా, పాత దేవతయే క్రొత్త పేరుతో వచ్చినదని మన కరపత్రములలో కొందరు వ్రాయుదురు. ఇది చెల్లని నాణెము. ఆ సభలో వాదము కుమారుని గూర్చి. మరియ ఒడిలోని శిశువు నిజముగా దేవుడా, లేక దేవుడు తోడైన మనుష్యుడా అని నెస్తోరుతో కలిగిన వాదము. ఆయన దేవుడైతే ఆయనను కన్నది దేవుని కన్నదే. ఆ బిరుదును కాదనువాడు మరియమ్మను కాదు, ప్రభువునే తగ్గించును. మంగళవార్త జపము మొదటి సగము లూకా సువార్తలోని దూత మాటయు ఎలీసబెతు మాటయు. దానిని తప్పుపట్టువాడు లూకాను తప్పుపట్టవలెను. రెండవ సగములో ఆమెను మన కొరకు ప్రార్థింపుమని అడుగుదురు. అక్కడ మనము ఆగుదుము. చనిపోయిన పరిశుద్ధులను పిలువుమని లేఖనము ఎక్కడను నేర్పలేదు. 1854లో తొమ్మిదవ పయస్ పోపు ఆమె జన్మపాపము లేక గర్భమున పడెనని నిర్ణయించెను. 1950 నవంబరు 1న పన్నెండవ పయస్ పోపు ఆమె శరీరముతో పరలోకమునకు ఎత్తబడెనని నిర్ణయించి, అది నమ్మవలసిన సిద్ధాంతమనెను. లేఖనము మౌనముగా ఉన్న చోట నమ్మకపోతివా నీవు వెలుపలివాడవు అనుటకు ఎవరికి అధికారము? ఇది మన భేదము. ఇది చిన్నది కాదు, చిరునవ్వుతో దాటిపోవలసినదియు కాదు.

అయితే వారిలో కలిగిన కదలికను కూడ చూడవలెను. రెండవ వాటికను మహాసభలో 1963 అక్టోబరు 29న, మరియమ్మను గూర్చి ప్రత్యేక శాసనముండవలెనా లేక సంఘమును గూర్చిన శాసనములోనే ఆమెను చేర్చవలెనా అని ఓట్లు వేసిరి. చేర్చవలెనను వారు 1,114, వద్దను వారు 1,074. నలువది ఓట్ల భేదముతో ఆమె సంఘము పైనుండి సంఘము లోపలికి వచ్చినది. మొన్న 2025 నవంబరు 4న వాటికను వెలువరించిన పత్రములో ఆమెను సహరక్షకురాలని పిలుచుట తగదని స్పష్టముగా వ్రాసిరి. క్రీస్తు ఒక్కడే రక్షకుడను సంగతి మరుగు పడకూడదని వారు ఒక మెట్టు ఇటు దిగివచ్చినపుడు, ఆమె ధన్యురాలని చెప్పుటకు మనమొక మెట్టు ఎక్కలేమా?

ఇప్పుడు మన యింటి సంగతి. మధ్యవర్తి ఒక్కడే అని గుణదలను తిట్టు నోటితోనే మన జనులు ఏమి చేయుచున్నారు? పెద్ద పందిళ్ల కూటములలో ప్రార్థించిన నూనె సీసాలు అమ్ముదురు. మనవారు కొని బాలెంతల తలకు రాయుదురు. ఊదిన చేతిరుమాలు దిండు క్రింద పెట్టుకొందురు. మా ప్రార్థన దేవుడు వినడు, అయ్యగారూ, మీరు చేసినచో వినును అని కానుక కవరు చేతిలో పెట్టుదురు. టీవీ తెరమీద చేయి పెట్టి ఆశీర్వాదము పొందుదురు. గోడమీద దైవజనుని పటము కట్టి దండ వేసిన యింటిని నేను చూచితిని. ఇరువది శతాబ్దములుగా సంఘము ధన్యురాలన్న తల్లిని మధ్యవర్తిగా ఒప్పుకొనని మనము, నిన్న మొన్న మైకు పట్టినవానిని మధ్యవర్తిగా ఒప్పుకొంటిమి! ఆమె ఎవరి యొద్దను కవరు పుచ్చుకొనలేదు. ఈ నూనె సీసా కొన్నవారిలో ఒక్కరినైన ఏ కమిటీయైనను బల్లకు దూరముగా నిలిపినదా? నిలుపలేదు. కమిటీ పెద్ద యింటి అలమరలోనే ఆ సీసా యున్నది గనుక.

ఇంకొక సిగ్గు మాట. మా ప్రాంతములో ముస్లిము ఇరుగుపొరుగువారు అనేకులు. వారి ఖురానులో పందొమ్మిదవ సూరా ఆమె పేరుతోనే యున్నది. ఆ గ్రంథమంతటిలో పేరు పెట్టి చెప్పబడిన స్త్రీ ఆమె ఒక్కతెయే. బీబీ మరియం అని వారు గౌరవముగా పలుకుదురు. ఆమె కుమారుడు దేవుని కుమారుడని వారొప్పుకొనరు, మనమొప్పుకొందుము. అయినను ఆయన తల్లి పేరు వారి యింట మర్యాదగా వినబడునంత మన యింట వినబడదు.

నేను పల్లె సంఘములను అడుగునవి ఎక్కువ లేవు. స్వరూపము వద్దు, జపమాల వద్దు, కొండ వద్దు. ఆగమన కాలపు ఆదివారములలో ఒకటి ఆమె విశ్వాసమును గూర్చి ప్రసంగింపుడి. మార్చి 25న స్త్రీల కూడిక పెట్టి, బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల కొరకు పేరు పేరున ప్రార్థింపుడి. ఆ దినమున పాస్టరుగారు వెనుక కూర్చుండి పాస్టరమ్మగారిని నడిపింపనిండు. యోహాను 19వ అధ్యాయము వారికి చదివి వినిపింపుడి. తన మరణవేదనలో ఆయన తన తల్లికి ఒక ఇల్లు చూపెననియు, ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెననియు అందులో ఉన్నది. గుణదలకు పోయి వచ్చినవారిని బల్లకు దూరముగా నిలిపిన కమిటీలు తమ మినిట్సు పుస్తకము తెరచి, ఆ తీర్మానములను క్రిస్మసులోపల కొట్టివేయవలెను. ఆ తరువాత ఆ యింటికి పోయి మ్రొక్కుబడిని గూర్చి కూర్చుండి మాటలాడవచ్చును.

ఈ డిసెంబరు నాటకములో మరియమ్మ వేషము వేయు పిల్లకు ఆమె పాటను ఇయ్యుడి. లూకా 1వ అధ్యాయము 46 మొదలు 55 వరకు, పది వచనములే. పదేండ్ల పిల్ల వారము దినములలో నేర్చుకొనును. నాటకము పొడవగుచున్నదని ఎవరైన అందురేమో, హేరోదు అరగంటలో కొంత కోసివేయుడి.